ఎడమవైపు అద్దము

మార్గశిరమాసమున తూర్పుకనుమలలోని పాడేరు సీమయందు తెల్లవారుట యనునది పంచాంగమునకు తెలియవలసినదే కాని కంటికి తెలియునది కాదు. లోయలనుండి లేచిన పొగమంచు సిల్వరోకు మ్రాకుల నడుములు చుట్టి కాఫీతోటల నీడలలోనికి ప్రాకి వలిసెపూలతో పసుపుపచ్చగా విరిసిన మెట్టచేల నన్నింటిని తెల్లదుప్పటి క్రింద దాచి జామెడు ప్రొద్దెక్కువరకు లోకమునకు హద్దులు లేకుండ జేయును. ఆ వేళ వాగు చప్పుడు వినబడునే కాని వాగు కనబడదు. కోడి కూయునే కాని కోడి యున్న ఇల్లు కనబడదు. ఎదురుగ వచ్చు మనుష్యునికంటె ముందు వాని దగ్గు వచ్చి వాని రాకను చాటును. అట్టి వేళ ఘాటుదారిని బండి నడుపువాడు కన్నులకంటె అలవాటునే నమ్ముకొని నడుపును. అలవాటు మంచిదే కాని మలుపు చాటున క్రొత్తగా వచ్చి నిలిచిన మనుష్యుని అది యెరుగదు గదా.

ఆ సీమలో బొడ్డుమామిడి యను కొండపల్లె యొకటి కలదు. రోడ్డు ఆ పల్లెతో ముగియుటచేతను పల్లె మొత్తమునకు మత్స్యరాజను డ్రైవరునకు మాత్రమే కారుండుటచేతను నొప్పులు వచ్చిన ఆడుదానికిని పాము కరచిన మగవానికిని జ్వరము తలకెక్కిన ముదుసలికిని అతడే దిక్కు. ఎవరు వచ్చి తలుపు తట్టినను విసుగుకొనక లేచి కొండక్రింది ఆసుపత్రికి దింపి వచ్చుటచేత అతనికి మంచిపేరు కలదు. పల్లెలోని పసివారిలో సగముమంది తొలి యేడుపు మత్స్యరాజు కారులోనే యేడ్చినారని జనులు మేలమాడుచుందురు. వెలిసిన తెల్లరంగుతో నొక్కులుపడిన బానెట్టుతో తాడుకట్టి మూసిన డిక్కీతో ఆ కారు పని మానని ముసలి యెద్దువలె నుండెను. దాని లోపములలో తక్కినవన్నియు వయస్సు వలన వచ్చినవి. ఒక్కటి మాత్రము యజమానుని వలన వచ్చినది.

ఆ లోపమేమనగా కారు లోపల నెల్లప్పుడును చెమ్మ యుండెను. ముందు అద్దమును పట్టియుంచు రబ్బరు బీడింగు ఎడమ మూలను చీలుటచేత వాన పడినను మంచు కురిసినను నీరు దారమువలె దిగి డాష్‌బోర్డు వెనుకగా జారి కాళ్లక్రింది కార్పెట్టులో నింకుచుండెను. వైపర్ల క్రింద నీరు వెలుపలికి పోవుటకై యున్న రంధ్రములలో సిల్వరోకు ఆకులు క్రుళ్లి బిరడాలవలె బిగిసి యుండెను. అట్లు లోన జేరిన తడి పోవుదారి లేక మనుష్యుల యూపిరితో గలిసి చల్లని అద్దముల నంటి తెల్లని పొరయై నిలుచుచుండెను. ఎక్కినవారు ముక్కు మూసికొని ఇది కారా పుట్టగొడుగుల పాకా యని యడుగుచుండిరి. ఏ మెకానిక్కైనను ఒక్కపూటలో కుదుర్పగల జబ్బది. ఇంజను మూలుగు విని దాని రోగము చెప్పగల మత్స్యరాజునకు అది తెలియక కాదు. ముందు అద్దమును మాత్రము కొండడ్రైవర్ల వాడుకచొప్పున కోసిన బంగాళాదుంప ముక్కతో రుద్ది గుడ్డతో తుడిచి పని జరుపుకొనుచుండెను. కుడివైపు అద్దము తుడుచును. వెనుకవైపు అద్దము తుడుచును. ముందుసీటు ప్రక్కనున్న ఎడమతలుపు అద్దమును మాత్రము తాను తుడువడు, ఒకరిని తుడువనీయడు. దానికి కారణ మూరివారికి తెలియదు. కట్టుకొన్న భార్యకును తెలియదు.

వినువారికి చిన్నదిగా దోచు ఆ కారణము మోయువానికి కొండంత యుండెను. మత్స్యరాజునకును చిలకమ్మకును కాసులమ్మ యను ఏడేండ్ల కూతు రుండెడిది. కడచిన మార్గశిరమున నొకనాటి వేకువను చిలకమ్మ కూతురి జుట్టునకు వలిసెనూనె దట్టముగా పట్టించి రెండు జడలు వేసి గంజి త్రాగించి రెండు కొండల కావలనున్న కాఫీతోటకు పండ్లకోతకై పోయెను. ప్రొద్దెక్కిన పిదప పిల్లకు చలిజ్వరము తగిలెను. మధ్యాహ్నమునకు ఒడలు పెనమువలె కాలసాగెను, మాట తడబడసాగెను. తల్లికి కబురంపి యామె వచ్చువరకు కూర్చుండుటకు వ్యవధి లేకపోయెను. తండ్రి యా పిల్లను దుప్పటిలో చుట్టి తన ప్రక్కసీటున కూర్చుండబెట్టి మంచుగాలి సోకకుండ అద్దములన్నియు బిగించి కొండ దిగసాగెను.

పిల్ల యూపిరి వేడికి ఎడమ అద్దము పాలవలె తెల్లబడెను. అమ్మ యేదని యామె యడిగెను. వచ్చునని తండ్రి చెప్పెను. మరల మరల అదే ప్రశ్న, మరల మరల అదే జవాబు. అటుపిమ్మట కాసులమ్మ జడకొసను నలుపుచున్న నూనెవ్రేలితో ఆ తెల్లని పొరమీద గుండ్రని మొగ మొకటి గీసెను. నొసట పెద్దబొట్టు పెట్టెను. ఆ సీమ స్త్రీలు ధరించునట్లు ముక్కునకు మూడు ముక్కెరలు పెట్టెను. "అయ్యా, అమ్మొచ్చినాది సూడు" అని నవ్వెను. లోయయంచున బండి నడుపుచున్న తండ్రి దారినుండి చూపు మరల్చలేక చూడకయే "సూసినాను తల్లీ" యనెను. ఆసుపత్రి గేటు చేరునప్పటికి ఆ పిల్ల యొడలు చల్లబడి యుండెను.

దుప్పటిలో చుట్టిన కూతురిని అదే దుప్పటిలో ఇంటికి దెచ్చిన యా సాయంకాలము చిలకమ్మ వాకిట నిలుచుండి ఒక్కమాట యడిగెను.

"దారిలో ఏటన్నాది మావా? నాను కావాలన్నాదా?"

మత్స్యరాజు నేల చూచుచు చెప్పెను. "ఏటీ అననేదు. బండెక్కిన కాడ్నుంచి నిద్దరే. నిద్దరలోనే ఎల్లిపోనాది."

ఆ యబద్ధమును అతడు జాలిచేత నాడెనే కాని వంచనచేత కాదు. తాను కొండ యావల కాఫీపండ్లు కోయుచున్న వేళ కూతురు దారిపొడుగునను తన్నే పిలిచెనని వినిన తల్లి బ్రదుకదని యాతని భయము. చిలకమ్మ మరల నడుగలేదు. పలకరింప వచ్చిన అమ్మలక్కలతో కూతురిని గూర్చి నా గుంట ఏడవకుండా ఎల్లిపోనాదమ్మా యని చెప్పుచుండెను. ఆ మాటయే యామెకు ఊతకర్ర యైనదని మత్స్యరాజు లోలోన నూరడిల్లెను. ఆమె మాత్ర మానాటినుండి కారు మొగము చూడలేదు. అది వాకిట నిలిచియున్నప్పుడు పెరటిదారిని పోవుచుండెను.

కర్మలు ముగిసిన కొన్నాళ్లకు మంచు దట్టముగా నున్న ఒక యుదయమున మత్స్యరాజు కారు తలుపులు మూసికొని ఒంటరిగ కూర్చుండి యేడ్చెను. మగవానికి కొండపల్లెలో ఏడ్చుటకు వేరే గది యుండదు. ఏడ్చువాని యూపిరి అద్దముల నంటెను. ఎడమ అద్దము తెల్లబడుచున్నకొలది దాని నడుమ తెల్లబడని గీత యొకటి మేలుకొనెను. పిదప బొట్టు వచ్చెను. పిదప ముక్కెరలు వచ్చెను. నూనె తాకినచోట చెమ్మ పొరకట్టదు. తల్లి తలకు రాసిన నూనె కూతురి వ్రేలినుండి అద్దమున కెక్కి యచ్చటనే నిలిచిపోయినది. ఆనాడు చూడకయే చూచితినన్న తండ్రి అప్పుడు చూచెను. చూచి స్టీరింగుమీద తలవాల్చి ఎండ వచ్చి యా బొమ్మ మాయమగువరకు లేవలేదు.

ఆ వారమే బీడింగు మార్పింపవలెనని తలచియుండినవాడు ఆ తలపు మానుకొనెను. బీడింగు మార్చినచో లోన తడి యుండదు. తడి లేనిచో అద్దము తెల్లబడదు. తెల్లబడనిచో కాసులమ్మ గీసిన బొమ్మ కంటికి రాదు. వేసవి వచ్చి కార్పెట్టు ఎండి అద్దములు నిర్మలమై బొమ్మ బొత్తిగా కనబడకపోయినప్పు డా మనుష్యు డేమిచేసె ననుకొనెదరు? చెంబెడు నీరు దెచ్చి తన కారులో తానే కుమ్మరించుకొనెను. లోకములో నెవరైనను కారులోనికి నీరు దిగినచో తిట్టుకొందురు. ఈయన నీరు దిగలేదని దిగులుపడెను. వెర్రి వేయి విధములని పెద్దలు చెప్పిరి. అందులో బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి వెర్రి యే విధమో వారు విడదీసి చెప్పలేదు.

ఆ బొమ్మను భార్యకు చూపవలెనని యాతనికి పలుమారు తోచకపోలేదు. చూపినచో ఆ యబద్ధము పొక్కును. నిద్రించిన పిల్ల బొమ్మ లెట్లు గీయును? అందుచేత తల్లి మొగమును తల్లికి చూపక దాచి తానొక్కడే వేకువలందు చూచుకొనుచు కాలము గడిపెను. ఎడమప్రక్క దారి కనబడకున్నను అలవాటు కలదు గదా యని సరిపెట్టుకొనెను. బొమ్మ కావలెనా దారి కావలెనా యని మంచు ప్రతిదినము నడుగుచునే యుండెను. ఆతడు ప్రతిదినము బొమ్మనే కోరుకొనుచుండెను.

ఈ యేటి మార్గశిరమున నొకనాడు పొరుగింటి సన్యాసమ్మ తన కోడలికి నొప్పులు వచ్చుచున్నవని తెల్లవారకముందే పరుగున వచ్చెను. కోడలిని వెనుకసీటున పరుండబెట్టి తాను ముందుసీటున కూర్చుండెను. కారు నాలుగడుగులు పోకముందే అద్దములు మూసికొనిపోయెను.

"ఏటిది నాయనా, వంటపాకలో పచ్చికర్రలు ముట్టించినట్టున్నాది. ఉండు, ఈ పక్క తుడుస్తాను" అని యామె చీరచెంగు గుప్పిట బట్టి ఎడమ అద్దముమీదికి చేయి చాచెను.

"సెయ్యి తీ! తుడవకు!"

ఆ యరపునకు వెనుకనున్న కోడలు మూలుగుట మాని నోరు తెరచెను. సన్యాసమ్మ చెంగు దించి నోరు మూసికొనెను. నోరు మూసికొనుట యామె కలవాటు లేని పని యగుటచేత దాని కష్ట మామె మొగమునందే కనబడుచుండెను. మత్స్యరాజు బంగాళాదుంపముక్కతో ముందు అద్దమును రుద్ది మరల కారు సాగించెను. తరువాతి ఎడమమలుపు తిరుగుచుండగా ప్రక్కనేదో తగిలిన చప్పుడును మనుష్యుని కేకయు నొక్కసారి వినబడెను.

కట్టెలమోపు తలనెత్తుకొని దారియంచున వచ్చుచున్న ముసలిదాని మోపునకు కారుయొక్క ఎడమప్రక్క వెలుపలనున్న వెనుకచూపుటద్దము తగిలి యామె మోపుతోగూడ కాలువలో బడెను. మోపు తగిలినది కనుక సరిపోయెను. జానెడు లోపలికి వచ్చియున్నచో తలయే తగిలియుండును. మత్స్యరాజు దిగి యామెను లేవనెత్తెను. మోకాలు చీరుకొని నెత్తురు కారుచుండెను.

"కళ్లు నేవేటిరా నీకు?" అని ముసలిది వణకుచు నడిగెను.

"కళ్లున్నాయమ్మా, ఆడికి అద్దమే నేదు" అని సన్యాసమ్మ కారులోనుండి బదులుచెప్పెను. "తుడుస్తానంటే సెయ్యి ఇరిసేసేలా ఉన్నాడు."

మత్స్యరాజు కాలువలో బడిన మోపును తీసి గట్టున పెట్టెను. ముసలిదానిని గూడ కారులో నెక్కించుకొని ఎడమవైపు కిటికీ పూర్తిగ దించి చలిగాలికి అందరును గజగజ వణకుచుండగా మెల్లమెల్లగ కొండ దిగెను. ఆసుపత్రిలో ముసలిదాని మోకాలికి కట్టుకట్టిరి. సన్యాసమ్మ కోడలు సుఖముగ మగబిడ్డను గనెను. మనుమని చూచిన సంతోషములో సన్యాసమ్మ జరిగినదంతయు మరచునని మత్స్యరాజు ఆశపడెను. ఆమె రెంటిని గలిపి ఊరంతయు చెప్పెను.

ఆ మధ్యాహ్నము చిలకమ్మ యేడాదిగ మొగము చూడని కారు నొద్దకు తానై వచ్చెను.

"నీరెక్కడ దిగతన్నాదో సూద్దాం, పద" అనెను.

"నాను సూసుకుంటాను. నీకెందుకు?"

"ఒక్కడివీ ఎలగ సూస్తావు? ఒకలు బయట నీళ్లు పొయ్యాల, ఒకలు లోన సూడాల. లోన నాను కూకుంటాను. నా గుంట ఆకర్న ఎక్కిన బండి ఇది. ఇంకొకల ఉసురు పోసుకోకూడదు."

ఆమె చెప్పినది నిజమే. కారులోనికి నీరు దిగు చోటు కనుగొనుటకు అంతకంటె వేరు మార్గము లేదు. వెలుపలివానికి కంత కనబడదు, లోపలివానికి వాన కనబడదు. వేరొకనిని పిలువవచ్చును కాని ఏమి చెప్పి భార్యను వారింపవలెనో మత్స్యరాజునకు తోచలేదు. తేలుకుట్టిన దొంగవలె నిలుచుండి చూచుచుండగా చిలకమ్మ తడిజాడ తెలియుటకై దోసెడు పొడి ముగ్గుపిండి కార్పెట్టుమీద చల్లి ఎడమసీటున కూర్చుండి తలుపు లాగుకొనెను. ఎండ యెచ్చటను లేదు. మబ్బు కొండలమీద కూర్చుండి యుండెను.

మత్స్యరాజు మొదటికుండ నీరు ముందు అద్దము మీద పోసెను. ఎడమ తలుపువైపు చూడవలదని యనుకొనుచునే చూచెను. మూసిన కారులో చిలకమ్మ యూపిరియు కార్పెట్టు తడియు గలిసి అద్దము తెల్లబడుచుండెను. లోపలి మనిషి మొగము మెల్లమెల్లగ కనుమరుగై ఆ మొగమున్నచోటనే మరియొక మొగము పుట్టెను. పొర పట్టని ఆ గీతల సందులనుండి చిలకమ్మ మొగము తునుకలు తునుకలుగా కనబడుచుండెను. గీసిన బొట్టులోనుండి ఆమె కన్ను ఒకటి చూచుచుండెను. ఆ కన్ను రెప్ప వాల్చుట మానెను. పోయుట యాపినచో తలుపు తెరువవలసివచ్చునని మత్స్యరాజు మరియొక కుండ పోసెను, ఇంకొక కుండ పోసెను. కుండలో నీరు నిండుకొనిన పిదపకూడ వంచిన కుండను ఎత్తిపట్టుకొని యట్లే నిలుచుండెను.

చివరకు కుండ దించి కుడివైపునుండి వచ్చి డ్రైవరు సీటున కూర్చుండెను. ఎడమ మూలనుండి దిగిన నీరు చిలకమ్మ పాదముమీద పడుచుండెను. ఆమె దాని నెరుగదు.

"ఇదెవులేసినారు?"

"కాసులు."

"ఎప్పుడు?"

"ఆ రోజు. కొండ దిగతన్నప్పుడు."

"నిద్దరోయినాదన్నావు."

మత్స్యరాజు బొమ్మవైపు తిరిగి చెప్పెను. "నేదు. దారంతా నిన్నే అడిగినాది. అమ్మేది, అమ్మేది అని ఒకటే అడగడం. ఆకర్న నిన్ను ఏసుకుని అమ్మొచ్చినాది సూడని నవ్వినాది. నీతో సెప్తే నువ్వు బతకవని అబద్దమాడినాను."

ఆమె రొమ్ము బాదుకొనునని మత్స్యరాజు తలచెను. తన్ను కొట్టునని తలచి కొట్టుటకు వీలుగ మొగము దగ్గరకు దెచ్చెను. చిలకమ్మ కొట్టలేదు. బొమ్మమీది చూపు మరల్పకయే నీరసమైన గొంతుతో పలికెను.

"యాడాది బట్టి నా గుంట నన్నడక్కండా ఎల్లిపోనాదనుకుంతన్నాను మావా. నాను దాన్ని ఒదిలేసి కోతకెల్లిపోనాను కదా. నామీద కోపమొచ్చినాదేమో, అందుకే ఒక్కసారైనా తలుసుకోనేదేమో అని ఎవులితోనీ సెప్పనేదు. ఏడవకుండా ఎల్లిపోనాదని ఊరందరితోనీ సెప్తన్నానా, సెప్పినపుడల్లా నా పేగు తెగిపోనాది. నన్నడిగినాదా? ఎన్నిసార్లడిగినాది?"

"నాను లెక్కెట్టనేదు. సానాసార్లు."

"సానాసార్లు" అని చిలకమ్మ తనలో తాననుకొనెను. పిమ్మట ఏడ్చెను. తాను ఊతకర్ర యని యిచ్చినది యేడాది పొడుగునను ఆమె కాలిలో విరిగిన ముల్లై మెదలుచుండెనని మత్స్యరాజునకు అప్పుడు తెలిసెను. తెలిసి యాతడును ఏడ్చెను. దుఃఖమున భార్యాభర్తలు ఒకరి కొకరు దాచిపెట్టుకొను దయ పరాయివారి క్రౌర్యముకంటె ఎక్కువగ కోయును. వారిద్దరు అది తెలియని మంచివారు.

చాలసేపటికి చిలకమ్మ కన్నులు తుడుచుకొని "ఇది ఉంటే నీకు దారి కనపడదు కదా" అనెను.

మత్స్యరాజు తల యూపెను.

"ఆ ముసల్దానికీ గుంటలుండుంటారు."

మత్స్యరాజు మరల తల యూపెను. ఆమె యేమి చేయనున్నదో యెరిగి వలదనుటకు చేయి యెత్తి యా చేతిని తానే దించుకొనెను. చిలకమ్మ చీరచెంగు పట్టలేదు, గుడ్డ యడుగలేదు. తన యరచేతితోనే ఆ బొమ్మను తుడిచెను. బడికి పంపుటకు పిల్లకు మొగము కడుగు తల్లి మొదట నుదురును పిదప చెంపలను కడపట గడ్డమును తుడుచునట్లు తుడిచెను. నూనె వదలనిచోట పైటతో కాక బొటనవ్రేలితో మెల్లగ రుద్దెను. అద్దము శుభ్రమైన పిమ్మట తడిసిన యా యరచేతిని హారతి కన్నుల కద్దుకొనునట్లు రెండు కన్నులకు నద్దుకొనెను. అద్దము కావల వలిసెచేనును చేనిగట్టున మేయుచున్న మేకయు కనబడెను.

తరువాతి పని పనివానికి సులభమైనదే. ముగ్గుపిండిమీద తడి దిద్దిన జాడ చీలిన మూలను చూపెను. మత్స్యరాజు కొండక్రిందికి పోయి క్రొత్త బీడింగు దెచ్చి బిగించెను. వైపర్ల క్రింది కుళ్లుటాకులను పుల్లతో పెరికి నీరు పోసి యది తిన్నగ వెలుపలికి పోవుట చూచెను. కార్పెట్టు పెరికి బండమీద పరచి ఎండిన దాక మరల లోన పెట్టలేదు. అద్దముల జిడ్డు పోవ సబ్బునీటితో కడిగెను. ఎడమ అద్దమును మాత్రము చిలకమ్మయే కడిగెను. అంత సులభమైన పని కేడాది పట్టినదేమని సన్యాసమ్మ గోడమీదుగ అడిగెను. ఆలుమగ లిద్దరును వంచిన తల లెత్తక అద్దములు కడుగుచునే యుండుటచేత ఆమె తెల్లబోయి లోపలికి పోయెను.

కారు సిద్ధమైన మరునాటి యుదయము మంచు ఎప్పటివలెనే దట్టముగ నుండెను. చిలకమ్మ పిలువకయే వచ్చి ఎడమసీటున కూర్చుండెను.

"పద. ఏ మలుపుకాడ ఏటన్నాదో అన్నీ సెప్పు. ఈపాలి దాసొద్దు."

మత్స్యరాజు మెల్లగ కొండ దిగసాగెను. మొదటి మలుపున కారు నెమ్మదించి "ఇక్కడ సలేస్తన్నాదన్నాది, దుప్పటి మీదికి లాగినాను" అనెను. చిలకమ్మ తలయూపెను. వాగుమీది కల్వర్టు దాటుచుండగా "ఇక్కడ అమ్మ బువ్వ తిన్నాదా అనడిగినాది" అనెను.

చిలకమ్మ అద్దముకావలి మంచువైపు తిరిగెను. "తిన్నాను తల్లీ" అనెను. "ఆ యేళకి సెట్టుకింద కూకుని అంబలి తాగతన్నాను."

చింతచెట్టు మలుపున "అమ్మొచ్చేస్తాదా అనడిగినాది" అని మత్స్యరాజు చెప్పెను. వచ్చేస్తన్నాను తల్లీ యని చిలకమ్మ చెప్పెను. అట్లు ఏడాదిగ దారిలోనే నిలిచియున్న ప్రశ్నల కన్నింటికి తల్లి యొక్కొక్క జవాబు చెప్పుచు పోయెను. లోయ విచ్చుకొన్నచోట మత్స్యరాజు కారును నడకవేగమునకు దింపెను. "ఇక్కడే నిన్ను ఏసినాది. అమ్మొచ్చినాది సూడన్నాది. నాను సూడకుండానే సూసినానన్నాను."

"దారి సూడాల కదా మావా" అని చిలకమ్మ యాతని భుజముమీద చేయివేసెను. "సూసినానన్నావు కదా. గుంట ఇన్నాది కదా. సాలు."

ఇంకను కొన్ని మలుపులు గడచెను. మంచు పలుచనై క్రింద మైదానమును చెరకుతోటలును మసకమసకగ తెలియసాగెను. ఘాటు ముగియుచోట రోడ్డు ప్రక్కను రాళ్లకుప్పయు దానిమీద నొక కంపపొదయు గలవు. అచ్చట మత్స్యరాజు కారు నిలిపెను. చిలకమ్మ చెప్పుమన్నట్లు అతనివైపు చూచెను. అతడు రెండుచేతులతో స్టీరింగు పట్టుకొని ఆ రాళ్లకుప్పవైపు చూచుచు మెల్లగ చెప్పెను.

"ఇక్కడికొచ్చేక మరేటీ అననేదు."

చిలకమ్మ ఆ చోటును కన్నులార చూచెను. రాళ్లను చూచెను, పొదను చూచెను, పొదమీది మంచుబిందువులను చూచెను. కారు చాలసేపు అచ్చటనే యుండెను. తలుపులు మూసికొని ఇద్దరు మనుష్యులు అంతసేపు ఏడ్చినను ఆ కారు అద్దములమీద చెమ్మ పట్టలేదు.